పందిమందు

డాక్టరమ్మ ఆ మాట అన్నప్పుడు మా బంటిగాడు ఆమె బల్ల మీద నిలబడి వెనక కాలితో డొక్క గోక్కుంటున్నాడు. "చికెన్ పడలేదు, మటన్ పడలేదు, చేప పెడితే చెవులు వాచాయి. ఇంతవరకు వీడి ఒంటికి తెలియని మాంసం ఏదైనా పెట్టి చూడాలండి. పోర్క్ పెట్టి చూద్దామా?" అంది. గోదావరి వైపు పిల్ల. మాదాపూర్‌లో చిన్న క్లినిక్ పెట్టుకుని కుక్కలకూ పిల్లులకూ వైద్యం చేస్తుంది, మనుషుల డాక్టర్ల కన్నా మర్యాదగా మాట్లాడుతుంది. మా అమ్మాయి స్వప్న వెంటనే "సరే డాక్టర్" అంటూ ఫోన్‌లో రాసుకోవడం మొదలుపెట్టింది. నేను మాత్రం బంటిగాణ్ణి దగ్గరికి లాక్కున్నాను. "పందా? వద్దమ్మా, ఇంకేదైనా చెప్పు" అన్నాను. డాక్టరమ్మ నొచ్చుకోలేదు. "ఇంట్లో ఆచారం అడ్డమైతే వేరే దారి చూద్దామండి. కానీ తొందరగా చూడాలి. చర్మం ఇలా పగిలిపోతూ ఉంటే చీము లోపలికి దిగుతుంది. ఇప్పుడిస్తున్న మాత్రలు ఎల్లకాలం ఇవ్వలేం, లివర్ తట్టుకోదు" అంది. నేను కుక్క తల మీద చెయ్యి వేసి, కిటికీలోంచి మెట్రో స్తంభాల వైపు చూశాను.

బంటిగాడిది ఏ జాతో వాడికీ తెలియదు, మాకూ తెలియదు. స్వప్న ఆఫీసులో ఎవరో ఇల్లు మారుతూ వదిలేసిపోతుంటే, చూడలేక కారులో వేసుకుని తెచ్చింది. గోధుమరంగు ఒళ్లు, తెల్లటి మూతి, ఎవరైనా గట్టిగా మాట్లాడితే సోఫా వెనక్కి పోయే పిరికితనం. వచ్చిన కొత్తలో బాగానే ఉన్నాడు. తర్వాత మొదలైంది దురద. పొట్ట మీద, చంకల్లో, చెవుల వెనక బొచ్చు ఊడిపోయి, ఎర్రటి చర్మం రసి కారేది. నాకకుండా మెడకు ప్లాస్టిక్ గరాటు కడితే, దానితోనే తలుపులకు గుద్దుకుంటూ తిరిగేవాడు. లిఫ్టులోకి ఎక్కితే జనం పిల్లల్ని వెనక్కి లాక్కునేవారు. "ఆంటీ, ఇది అంటుకుంటదా?" అని ఒకావిడ మొహం మీదే అడిగింది. "నీకు అంటుకునేదైతే నాకు ఎప్పుడో అంటుకునేది తల్లీ" అన్నాను గానీ లోపల నాకూ ఏడుపే. కోకాపేటలో ఆకాశంలో వేలాడే ఇల్లు మాది, ఎంత గాలి వచ్చినా వాడి గోళ్ల చప్పుడే పెద్దగా వినపడేది. తింటూ తింటూ గిన్నె వదిలేసి గోక్కునేవాడు. నిద్రలో కూడా గోక్కునేవాడు. పక్కటెముకలు తేలాయి.

తిరిగి వస్తుంటే కారులో స్వప్న, "అమ్మా, వంటింట్లో దేవుడున్నాడని నీ బాధ అయితే బాల్కనీలో వండుతా. గిన్నె వేరే, గరిటె వేరే. నువ్వు చూడను కూడా చూడొద్దు" అంది. "నేను బతికుండగా ఆ కూడు ఈ కుక్క నోట్లో పడదు" అన్నాను. అది మొండితనమో, మడో అనుకుని పిల్ల మూతి ముడుచుకుంది. అనుకోనీ అని ఊరుకున్నాను. నిజం వేరు. పంది తిన్న కుక్క ఏమవుతుందో నా చిన్నతనంలో నా కళ్లతో చూశాను. పెట్టినవాడు పగవాడు కాదు, నన్ను భుజాల మీద ఎక్కించుకుని తిరిగిన మా చిన్నాయన. ఆ సంగతి బయటపెడితే ఆయన పేరు చెడుతుందని పెళ్లయ్యాక మా ఆయనకు కూడా చెప్పలేదు. మనిషి పోయి ఏడాది తిరిగినా సరే, నా నోటివెంట అది రాదు.

ఇప్పుడు మేముండే టవర్ల దగ్గరే ఎక్కడో ఉండేది మా ఊరు. ఎక్కడో అని ఎందుకంటున్నానంటే, బాల్కనీలోంచి ఎంత చూసినా మా ఇల్లు ఏ రోడ్డు కిందికి పోయిందో నాకు ఆనవాలు దొరకదు. మట్టిగోడల ఇల్లు, ముందర అరుగు, వెనక దొడ్డి. దొడ్డి అవతల బండరాళ్లు, సీతాఫలం చెట్లు, తంగేడు పొదలు. పొద్దున్నే నాయనమ్మ సానుపు చల్లే చప్పుడుతో ఇల్లు లేచేది. పేడనీళ్ల వాసన, పొయ్యిలో తడికట్టె పొగ వాసన, ఆ వెనకే జొన్నరొట్టె కాలుతున్న వాసన, ఈ మూడూ వరసగా వచ్చేవి. నాయనమ్మ రొట్టె చేస్తూ మాట్లాడదు. చేతుల చప్పట్లే ఆమె మాట. మొదటి రొట్టె పొయ్యికి, రెండోది నాయినకు, ఆఖరున పెనం మీద మాడిన మందపు రొట్టె మోతికి. మోతి మా కుక్క, నల్లటిది, ఛాతీ మీద ముత్యమంత తెల్లమచ్చ. ఆ మచ్చ చూసి నాయినే ఆ పేరు పెట్టాడు. నాయిన చేనుకు పోతే వెనకే, బావికి పోతే వెనకే. ఆయన అరుగు మీద కూర్చుని చుట్ట కాలిస్తే ఆ పొగకు తుమ్ముతూ అక్కడే కూర్చునేది కానీ లేచిపోయేది కాదు.

కుక్కకు తిండి అంటూ వేరే ఉంటుందని మాకు తెలియదు. గటుక మిగిలితే గటుక, గంజి మిగిలితే గంజి, పండగనాడు ఎముకలు. ఇప్పుడు స్వప్న తెచ్చే సంచుల మీద రాసి ఉన్నది చదవడానికే నాకు కళ్లద్దాలు మార్చుకోవాలి. అప్పట్లో మోతి రాయి తిన్నా అరిగించుకునేదని నాయనమ్మ అనేది. ఒక్క విషయంలో మాత్రం ఆమె కట్టుదిట్టం. పంది కూర ఇంట్లోకి రాకూడదు. ఇక్కడ ఒక తిరకాసు ఉంది, మా వైపు వాళ్లకు చెప్పక్కర్లేదు. ఊరపంది పేరెత్తితేనే మావాళ్లు తుపుక్కున ఉమ్మేస్తారు. అదే అడవిపంది అయితే పండగ. వానలు తగ్గగానే మగవాళ్లు వలలు తీసుకుని గుట్టల్లోకి పోయేవారు, పంది పడితే మోదుగాకుల మీద పోగులు పెట్టి ఇంటికో పోగు పంచేవారు. మా పోగు తెచ్చేది చిన్నాయన. నాయనమ్మ గడప దాటనిచ్చేది కాదు. దొడ్లో మూడు రాళ్లు, దానికంటూ ఒక కుండ, కారం ఉప్పు కూడా దోసిట్లో పోసి ఇచ్చేది. చిన్నాయనే వండేవాడు, దొడ్లోనే కూర్చుని తినేవాళ్లం, దొడ్లోనే చేతులు కడుక్కునేవాళ్లం. నాయనమ్మ తినేది కాదు గానీ, "ఉడికిందా? పచ్చిగ తింటే కడుపుల పురుగులైతయ్. ఇంకింత మంట పెట్టు" అని లోపలి నుంచే కేకలేసేది.

చిన్నాయన చేతిలో ఏదో మహిమ ఉందని ఊళ్లో పేరు. ఎద్దుకు కాలు నొచ్చినా, మేకకు కడుపుబ్బినా ఆయన్నే పిలిచేవారు. ఆ ఏడు మోతికి గజ్జి పట్టింది. వీపంతా ఊడిపోయి, ఏనుగు చర్మంలా ముడతలు పడింది. అమ్మ దాన్ని వాకిట్లోకి రానివ్వద్దంది. చిన్నాయన మాత్రం దాన్ని దొడ్లో చింతమొద్దుకు కట్టేసి, అడవిపంది కొవ్వు కరిగించి, పసుపూ వేపనూనే కలిపి ఒళ్లంతా రాశాడు. మా పోగులో నుంచి మెత్తటి ముక్కలు తీసి, ఉప్పూ కారం లేకుండా ఉత్త నీళ్లలో ఉడికించి పెట్టాడు. నేను పక్కనే గొంతుక్కూర్చుని, "చిన్నాయనా, మోతికి కూర వెట్టినవ్, నాకు పెట్టవా?" అని అడిగితే, "ఇది కూర కాదు బిడ్డా, మందు. పందిమందు" అని నవ్వాడు. ఆ మాట నాకు ఎంత నచ్చిందంటే, రోజంతా దొడ్లో గెంతుతూ "పందిమందు, పందిమందు" అని పాడాను. నాయనమ్మ వచ్చి నెత్తి మీద ఒకటి మొట్టేదాకా పాడాను.

మోతి చచ్చిపోయింది ఆ తర్వాత కొన్నాళ్లకే. పొద్దున్నే లేచి చూసేసరికి వాకిట్లో మనుషులు గుమిగూడి ఉన్నారు. నాయిన అరుగు మీద గోడ వైపు తిరిగి కూర్చున్నాడు. చుట్ట లేదు. మోతి కాళ్లు కొయ్యల్లా చాపుకుని పడి ఉంది, మూతి నిండా నురగ. నన్ను చూడనివ్వకుండా అమ్మ కొంగు కప్పింది గానీ, చూడాల్సింది అప్పటికే చూశాను. నాయనమ్మ గడపలో నిలబడి, పక్కింటావిడ అడిగితే మెల్లగా అంది: "పందిమందు తిన్నదే. పాయె." అంతే. ఆపైన ఆ ఇంట్లో ఎవరూ ఒక్క మాట మాట్లాడలేదు. చిన్నాయన గోనెసంచి తెచ్చి మోతిని అందులో చుట్టుకుని, చంటిపిల్లను ఎత్తుకున్నట్టు ఎత్తుకుని తంగేడు పొదల వైపు పోయాడు. పోతూ ఏడుస్తున్నాడు. మగవాడు అలా గట్టిగా ఏడవడం నేను అదే మొదటిసారి చూడటం. నన్ను అప్పుడే బడిలో వేశారు, అక్షరాలు ఇంకా పూర్తిగా రాలేదు. కానీ లెక్క మాత్రం తేలిపోయింది. పందిమందు పెట్టింది చిన్నాయన. పందిమందు తిని మోతి చచ్చింది. అందుకే చిన్నాయన ఏడుస్తున్నాడు. అందుకే నాయిన గోడకు తిరిగి కూర్చున్నాడు.

ఆ తర్వాత జరిగినదంతా నా లెక్కను బలపరుస్తూనే పోయింది. నాయిన చిన్నాయన ఎదుట మోతి ఊసెత్తలేదు, చిన్నాయన నాయిన ఎదుట ఎత్తలేదు. మా ఇంటికి పంది పోగు రావడం ఆగిపోయింది. దొడ్లో మూడు రాళ్లూ ఎవరు తీసేశారో తీసేశారు. ఇంకో కుక్కను పెంచుదామని నేనొకసారి అడిగితే అమ్మ నా నోరు మూసింది. నేనూ మూసుకున్నాను, అది మా చిన్నాయన కోసం. ఆయన నాకు సీతాఫలాలు విప్పి పెట్టేటప్పుడు, ఎద్దులబండి మీద ముందర కూర్చోబెట్టుకునేటప్పుడు, పాపం ఈయనకు ఆ సంగతి గుర్తొస్తుందేమో అని ఆ వేళ్లకేసి చూసేదాన్ని. నాకు తెలిసిందని ఆయనకు తెలియకూడదు అనుకున్నాను. ఆయనకు ముసలితనం వచ్చి, నేను ఉద్యోగం చాలించి కూర్చున్నా, ఆయన ముందు కుక్కల మాట వస్తే టీవీ చప్పుడు పెంచేదాన్ని. పంది అంటే నాకు అసహ్యం కాదు, భయం. స్వప్నకు అది ఎట్లా చెప్పను?

డాక్టరమ్మ దగ్గరికి పోయి వచ్చిన వారంలోనే చిన్నమ్మ వచ్చింది. చిన్నాయన భార్య. కూకట్‌పల్లిలో కూతురి దగ్గర ఉంటుంది, ఎనభై దాటినా మనిషి చురుకు, చెవులు నాకన్నా బాగా వినపడతాయి. నాలుగు రోజులు ఉండిపోతానని చిన్న సంచితో దిగింది. లిఫ్టులో కళ్లు మూసుకుని వచ్చిందట. కళ్లు తెరిచేసరికి ఎదురుగా గరాటు మెడలో వేసుకుని బంటిగాడు. "ఓ అవ్వ! గీనికేమయిందే? మెడకు పెండ్లి పందిట్ల మైకు లెక్క గిదేంది?" అంది. ఆమె కాళ్లు వాసన చూసి, అక్కడే కూలబడి గోక్కోవడం మొదలుపెట్టాడు వాడు. చిన్నమ్మ నవ్వు ఆగిపోయింది. వంగి, గరాటు పక్కకు తప్పించి, వాడి పొట్ట చూసి, "అరెరె, తోలు లేసిపోయింది గదే" అంది. స్వప్నకు ఇంకేం కావాలి? చాయ్ కప్పు ఆమె చేతికిస్తూనే మొదలుపెట్టింది. "చూడు అమ్మమ్మా, డాక్టర్ పోర్క్ పెట్టమంది. అమ్మ వద్దంటోంది. నా మాట వినదు, నువ్వన్నా చెప్పు." చెప్పాల్సింది చెప్పేసి, ఆఫీసు కాల్ ఉందని గదిలోకి పోయి తలుపేసుకుంది.

చిన్నమ్మ బిస్కెట్ చాయ్‌లో ముంచి, అది విరిగి పడకముందే ఒడుపుగా నోట్లో వేసుకుంది. "సుగుణా, ఏందే నువ్వు? కుక్క గిట్ల గోక్కొని గోక్కొని సచ్చేటట్టున్నది. డాక్టరు చెప్పింది పెట్టనంటవా? ఊరపంది అనా? తినేది నువ్వా, అదా?"

"అది కాదు చిన్నమ్మా."

"మరేంది? చెప్పు. నీ బిడ్డ పరేషాన్ అయితున్నది."

చెప్పకూడదనే అనుకున్నాను. కానీ ఆమె మొహం చూస్తే, చిన్నాయన లేడు కదా, ఇంక ఎవరి కోసం దాచాలి అనిపించింది. ఆమెకైనా తెలిసే ఉంటుంది. కట్టుకున్నది కదా. గొంతు తగ్గించి, "మోతి యాదికున్నదా?" అన్నాను.

"ఎందుకు లేదు? నల్లకుక్క. నేను కాపురానికొచ్చిన ఏడే పోయింది."

"చిన్నాయన పెట్టిన పంది తినే గద పోయింది. పాపం ఆయన బాగుజేద్దమని పెట్టిండు, తెల్వక పెట్టిండు. నేను ఇంతవరకు ఎవ్వరికీ చెప్పలె. మల్ల ఇంకో కుక్కకు నా చేతులతోని ఎట్ల పెట్టుదు?"

చిన్నమ్మ కప్పు కింద పెట్టింది. "ఎవరు చెప్పిండ్రే నీకు?"

"నాయనమ్మనే అన్నది. పందిమందు తిన్నదని. గడపల నిలవడి అన్నది, నా చెవులతోని విన్న."

ఆమె నన్ను చాలాసేపు అలాగే చూసింది. కోపమొచ్చిందేమో అనుకున్నాను. అంతలో పొట్ట పట్టుకుని నవ్వడం మొదలుపెట్టింది. నవ్వి నవ్వి, కొంగుతో కళ్లు తుడుచుకుని, "ఓసి నీ పిచ్చి మొకమా! ఎలుకమందు ఎలుకతోని చేస్తరానే?" అంది.

"అంటే?" అన్నాను.

"పందులకు పెట్టిన మందే అది! పల్లిచేను పందులు దున్నిపోస్తున్నయని, మీ నాయిన జొన్నపిండిల బెల్లం కలిపి ఉండలు జేసి, అండ్ల ఎండ్రిన్ పురుగుమందు పోసి గెట్ల మీద పెట్టొచ్చిండు. పొద్దుగాల ఇప్పంగనే మోతి చేనుకు ఉరికింది, రోజు పోయినట్టే. బెల్లం వాసనకు తినె, ఇంటిదాక వచ్చి వాకిట్ల పడె. మీ చిన్నాయన పెట్టిన కూరకు ఏమైతదే? దానికి గజ్జి మానె, వీపు మీద కొత్త బొచ్చు గూడ రావట్టె. నువ్వు చూడలె?"

చూశాను. ఆమె అనగానే గుర్తొచ్చింది. గోనెసంచిలో చుట్టేటప్పుడు అమ్మ కొంగు సందులోంచి కనిపించిన వీపు మీద, గడ్డిమొలకల్లాగా నల్లగా, పొట్టిగా బొచ్చు ఉంది. ఇన్నేళ్లూ నురగే గుర్తు పెట్టుకున్నాను, బొచ్చును వదిలేశాను. "మరి ఎవ్వరు ఎందుకు చెప్పలె చిన్నమ్మా?" అన్నాను. "ఎట్ల చెప్తరే? మీ నాయిన పేరు వెట్టి పెంచుకున్న కుక్క. ఆయన చేతులతోని పెట్టిన మందే. రెండు దినాలు ముద్ద ముట్టలే ఆయన. ఇగ మీ చిన్నాయన అందరికి చెప్పిండు, అన్న ముంగల మోతి పేరు ఎత్తొద్దు, పందుల ముచ్చట తీయొద్దు అని. పోగు తెచ్చుడు గూడ బంద్ వెట్టిండు, అన్నకు యాదికొస్తదని. సచ్చేదాక ఆ మాట మీదనే ఉండె." అప్పుడు ఆమె కూడా నవ్వడం లేదు.

నా ఉద్యోగమంతా హైస్కూలు పిల్లలకు తెలుగు చెప్పినదాన్ని నేను. సమాసాలు చెప్పడంలో నాకు పేరుండేది. పూజ కొరకు ద్రవ్యం పూజాద్రవ్యం, చతుర్థీ తత్పురుషం, అని బెత్తం బల్ల మీద కొట్టి చెప్పించేదాన్ని. విగ్రహవాక్యం తప్పు రాస్తే సున్నా పెట్టేదాన్ని. అలాంటిదాన్ని, బడికి పోయిన కొత్తలో విన్న ఒక్క సమాసాన్ని ముసలిదాన్నయ్యేదాకా తప్పుగా విడదీసుకుంటూ బతికాను. పంది కొరకు మందు అనుకోవాల్సిందాన్ని పందితో మందు అనుకున్నాను. చిన్నాయన అన్నదీ అదే మాట, నాయనమ్మ అన్నదీ అదే మాట. ఒకరిది బతికించే మందు, ఒకరిది చంపే మందు. మన భాషకు రెండూ ఒకటే. నాకు నవ్వొచ్చింది. నవ్వుతూ ఉండగానే ఏడుపొచ్చింది. చిన్నాయన చంపలేదు. నాకు ఇంతకన్నా ఏం కావాలి? ఛాతీ మీద ఎవరో కూర్చుని, ఇప్పుడు లేచి వెళ్లిపోయినట్టు అనిపించింది. చిన్నమ్మ చేతులు పట్టుకుని ఏడ్చాను. ఆమె నన్ను ఏడవనిచ్చి, "అయిందా? ముక్కు తుడుచుకో. ఇగ ఆ కుక్క సంగతి చూడు" అంది. నాయిన మీద కోపం రాలేదా అంటే, రాలేదు. పల్లీ అంతా పందులపాలైతే మా ఇంట్లో ఆ ఏడు పొయ్యి ఎట్లా వెలిగేదో నాకు తెలుసు. గోడకు తిరిగి కూర్చున్న ఆయన వీపు ఇప్పుడు మళ్లీ గుర్తొచ్చి, పోయి ఆ వీపు నిమరాలనిపించింది.

మర్నాడు నేనే స్వప్నతో డాక్టరమ్మ దగ్గరికి పోయాను. "అమ్మా, సూటిగా చెప్పు. పంది తింటే కుక్క చస్తుందా?" అని అడిగాను. ఆ పిల్ల నవ్వకుండా జవాబిచ్చింది. "ఉడికించి పెడితే ఏం కాదండి. పచ్చిది మాత్రం వద్దు, అందులో పురుగులుంటాయి, జబ్బులూ రావచ్చు. కొవ్వు తీసేసి ఎర్రటి మాంసమే పెట్టండి. కొవ్వు ఎక్కువైతే క్లోమం వాస్తుంది, అది ప్రమాదం. ఉడికిన ఎముకలు పుల్లల్లా విరిగి గుచ్చుకుంటాయి, అవి అసలే వద్దు. ఉప్పు, కారం, ఉల్లి, వెల్లుల్లి ఏవీ వద్దు. షాపుల్లో అమ్మే బేకన్లు, సాసేజీలు ముట్టుకోవద్దు. మొదట కొంచెం పెట్టి చూడండి, ఒంటికి పడితే పెంచుదాం. అన్ని కుక్కలకూ ఇదే పెట్టమని కాదండి, వీడికి వేరే దారి లేక చెబుతున్నా." ఆమె ఒక్కో మాట చెబుతుంటే నాకు మా దొడ్డి కనిపించింది. ఉప్పూ కారం లేకుండా ఉత్త నీళ్లలో మెత్తటి ముక్కలు. ఇంకింత మంట పెట్టు అని గడప లోపలి నుంచి కేక. మా ఇంట్లో సగం సంగతులు ఒకరికి తెలుసు, సగం ఒకరికి తెలుసు. తెలియనిదల్లా ఒకరితో ఒకరు మాట్లాడుకోవడమే.

మాంసం ఫోన్‌లో నొక్కితే ఇంటికి వచ్చింది, చల్లటి డబ్బాలో. సెక్యూరిటీ అబ్బాయి పైకి ఫోన్ చేసి అడిగితే స్వప్న "పంపించు" అంది. బాల్కనీలో కరెంటు పొయ్యి, దానికంటూ కొత్త గిన్నె, కొత్త గరిటె. వంటింట్లోంచి ఒక్క చెంచా కూడా పోనివ్వలేదు. భయం పోయినా మడి పోలేదు నాకు. అది ఎక్కడికి పోతుంది? చిన్నమ్మ ముక్కుకు కొంగు అడ్డం పెట్టుకుని తలుపు దగ్గరే కుర్చీ వేసుకుంది. ఊరపంది కదా, లోపలికి గాలి పీల్చదు, అక్కడి నుంచి లేవదు. "ఉప్పు లేకుంటే ఎట్ల తింటదే? చిటికెడు పసుపన్న వెయ్యి" అంటుంది, వెంటనే "వద్దులే, డాక్టరు తిడతది" అని తనే సర్దుకుంటుంది. కొవ్వంతా నేనే చాకుతో తీసి పారేశాను. ముక్క వేళ్లతో నలిపితే విడిపోయేదాకా ఉడికించాను. చల్లార్చి గిన్నెలో వేసి ముందర పెడితే బంటిగాడు గరాటుతో సహా తల లోపల దూర్చాడు. ఎప్పుడు అయిపోయిందో కూడా తెలియలేదు. గిన్నె నాకుతూ బాల్కనీ అంతా తోసుకుంటూ పోతుంటే చిన్నమ్మ కొంగు తీసేసి పకపకా నవ్వింది. నేను మాత్రం ఆ పూటంతా వాడి మూతి చూస్తూనే కూర్చున్నాను. నురగ రాలేదు. పొద్దున్నే తోక ఊపుతూ వచ్చి నా మంచం పట్టె మీద గడ్డం పెట్టాడు. నేను దేవుడికి దండం పెట్టి, వాడి చెవి నిమిరాను.

ఒక్కసారికే తగ్గిపోయిందంటే అబద్ధమవుతుంది. తిన్నది ఒంటికి పట్టి, చర్మం ఆరడానికి వారాలు పట్టింది. మధ్యలో ఒకసారి ఎవరో పార్కులో చికెన్ బిస్కెట్ పెడితే మళ్లీ మొదలైంది, ఆ మహాతల్లిని నేను తిట్టిన తిట్లకు స్వప్న నన్ను చెయ్యి పట్టుకుని లాక్కొచ్చింది. ఆ కాలం మేలా, ఈ కాలం మేలా అని చిన్నమ్మ, నేను ఫోన్‌లో వాదించుకుంటాం. ఆ కాలంలో కుక్కకు డాక్టరు లేడు, చెప్పేవాడు లేడు, ఒకే చేను గట్టు మీద కుక్కకూ పందికీ ఒకే ఉండ. ఇప్పుడు కుక్క ఏం తినాలో చెప్పడానికి చదువుకున్న పిల్ల ఉంది, వినడానికి స్వప్న ఉంది, అడిగితే జవాబు దొరుకుతుంది. ఆ కాలమే బంగారం అని నేననను. మంచి మనుషులుండేవారు, అది నిజం. కానీ మంచి మనుషులు నోరు మూసుకుని ఒకరినొకరు కాపాడుకుంటూ ఉంటే, మధ్యలో పిల్లలు ఏమేం అనుకుని పెరుగుతారో వాళ్లకు తెలియలేదు. నా కూతురు నా మొహం మీదే అన్నీ అడుగుతుంది. మొదట్లో ఒళ్లు మండేది. ఇప్పుడు, అడగనీ, అంటున్నాను.

మొన్న భోజనాలయ్యాక చిన్నమ్మ ఫోన్ చేసింది. "ఏం జేస్తున్నడే వాడు?" అంది, నా సంగతి అడగకుండానే. "పండుకున్నడు చిన్నమ్మా" అన్నాను. గరాటు తీసేసి చాలా రోజులైంది. హాల్లో ఫ్యాను కింద, నాలుగు కాళ్లూ నాలుగు దిక్కులకు పారేసి, నోరు తెరుచుకుని పడుకున్నాడు.

"గోక్కుంటలేడా?"

"లేడు."

"నిజంగనా?"

"ఇగో, విను" అని ఫోన్ వాడి దగ్గర పెట్టాను. గురక తప్ప ఏమీ లేదు. ఆమె కాసేపు విన్నది. తర్వాత గొంతు మెత్తబడి, "మీ చిన్నాయనుంటే ఎంత మురిసేటోడో" అంది. ఔనన్నాను. "ఫికర్ పోయింది గద. ఇగ నువ్వు గూడ జర పండుకో బిడ్డా" అని పెట్టేసింది. మంచం దాకా పోబుద్ధి కాలేదు. వాడి పక్కనే చాప వేసుకుని నడుం వాల్చాను. స్వప్న వచ్చి తలుపు కొట్టేదాకా ఇద్దరికీ మెలకువ రాలేదు.